పిట్ట కొంచెం, కూత ఘనం

మన పెద్దవాళ్ళు ఈ సామెతను చురుకైన పిల్లల్ని చూసి అనేవారు. దాన్ని ఒక్కసారి ఉన్నదున్నట్టుగా తీసుకుని చూడండి, ఎంత నిజమో తెలుస్తుంది. మందారం చెట్టు ఆకులు రెండు చేర్చి కుట్టి గూడు పెట్టుకునే పిట్ట పది గ్రాములు కూడా తూగదు. దాని గొంతు మాత్రం వీధి మలుపు దాకా వినిపిస్తుంది. ఇటువంటి పాటపిట్టల వెంట తిరిగేవాళ్ళు మనలో రెండు రకాలున్నారు. ఒకరు చూసి, విని, పుస్తకంలో రాసుకుంటారు. మరొకరు ఫొటో తీస్తారు. దారిన పోయేవాళ్ళ కంటికి ఇద్దరూ ఒకటే, పొద్దున్నే టోపీ పెట్టుకుని పొదల వెంట తచ్చాడే పనిలేని మనుషులు. దగ్గరికి వచ్చి చూస్తే ఆ రెండూ వేరు వేరు ఖాతాలు. సేవింగ్సు ఖాతాకూ కరెంటు ఖాతాకూ ఎంత తేడా ఉందో వీటికీ అంత తేడా ఉంది.

ఈ పోలిక ఎందుకు వచ్చిందంటే నేను బ్యాంకు మనిషిని. బి.కాం. చదివి ఉద్యోగంలో చేరి మూడు దశాబ్దాలు దాటింది. పని తిరువళ్ళూరులో, కాపురం తిరుత్తణిలో. సెలవు రోజుల్లో కెమెరా పట్టుకుని తిరగడం నా అలవాటు. మా ఊళ్ళో రిటైరైన అయ్యవారు ఒకరున్నారు. ఆయన ముప్పై ఏళ్ళుగా పక్షుల్ని చూస్తున్నారు, కెమెరా మాత్రం ముట్టరు. మేమిద్దరం కలిసే తిరుగుతాం, దారి పొడుగునా వాదించుకుంటాం. ఆ వాదన మీ ముందు పెడుతున్నాను.

మన ఊళ్ళు, మన పిట్టలు

తిరుత్తణి ఒకప్పుడు చిత్తూరు జిల్లాలో ఉండేది. సరిహద్దుల చట్టం ప్రకారం 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో కలిసింది. తిరువళ్ళూరు జిల్లా 1997లో ఏర్పడింది. గీతలు మారాయి గానీ ఇళ్ళలో తెలుగు మారలేదు. పిట్టలకైతే ఆ గీతల సంగతే తెలియదు. నగరి కొండల మీద పాడే పిట్టే మా కొండ మీదా పాడుతుంది. కృష్ణ నీళ్ళు కూడా కండలేరు మీదుగా వచ్చి 1996లో మొదటిసారి మా పూండి జలాశయంలో కలిశాయి. 1944లో కట్టిన ఆ చెరువు గట్టు, గుడియం వైపు ముళ్ళ పొదలు, తాటిచెట్ల వరసలు, మామిడి తోపులు మేము తిరిగే చోట్లు.

తిరుత్తణి స్వామి కొండకు 365 మెట్లు. ఎండాకాలం మొదట్లో తెల్లవారకముందే ఎక్కడం మొదలుపెడితే, రాళ్ళ మీద తోక ఎగరేస్తూ నల్లంచి కనిపిస్తుంది. మగది నల్లగా ఉంటుంది, భుజం మీద తెల్లని మచ్చ, తోక కింద ఇటుక రంగు. ఊళ్ళోకి వస్తే మేడల మీద, కరెంటు స్తంభాల మీద పెద్ద నల్లంచి. నలుపూ తెలుపూ దుస్తులేసుకున్న వకీలులా ఉంటుంది. ఈ చుట్టుపక్కల అంత తీరైన గొంతు మరొకటి లేదని అయ్యవారి తీర్పు. తోటల్లో పిగిలిపిట్టలు, మామిడి కొమ్మల్లో పసుపుపచ్చని వంగపండు, పూలచెట్ల దగ్గర తేనెపిట్టలు, బావి మీదికి వంగిన తాటాకులకు గిజిగాడి గూళ్ళు. ఇవన్నీ మా ఆస్తులు.

ఈ పేర్లు ఎక్కడివని మీరు అడగవచ్చు. 1840లలో నెల్లూరులో జెర్డన్ అనే ఆంగ్లేయ వైద్యుడు పని చేశాడు. వైద్యం కంటే పక్షుల మీద ధ్యాస ఎక్కువ ఆయనకు. 1862, 1864 మధ్య వచ్చిన ఆయన భారతదేశ పక్షుల గ్రంథంలో ఒక్కో పక్షి కింద హిందీ, తమిళం, తెలుగు పేర్లు ఇచ్చాడు. మన పల్లెల్లో వేటగాళ్ళూ రైతులూ చెప్పిన పేర్లవి. నల్లంచి, పెద్ద నల్లంచి, పిగిలిపిట్ట, వంగపండు అలా అచ్చులోకి ఎక్కినవే. ఇంకో సంగతి వింటే మీ పిల్లలకు చెప్పకుండా ఉండలేరు. ప్రపంచమంతటా శాస్త్రజ్ఞులు ఒక పక్షి జాతికి వాడే లాటిను పేరు 'పిట్టా'. ఆ మాట మన తెలుగు 'పిట్ట' నుంచే వెళ్ళింది. 1816 నుంచి ఆ పేరు శాస్త్రంలో ఉంది. మనం పొన్నంగి పిట్ట అనే రంగురంగుల పక్షి ఆ జాతిదే. అయితే శాస్త్రం లెక్కలో అది పాటపిట్టల శాఖకు చెందదు, దాయాది శాఖకు చెందుతుంది. పాటపిట్టలంటే తమ పాటను పెద్దవాళ్ళ దగ్గర విని నేర్చుకునేవి. మన పిల్లలు తెలుగు నేర్చుకున్నట్టన్నమాట. వినకపోతే రాదు.

చూసేవారి పద్ధతి

అయ్యవారి సరంజామా చిన్నది. ఒక బైనాక్యులరు, ఒక నోటుపుస్తకం, జేబులో పెన్సిలు. బైనాక్యులరు మీద 8, 42 అని అంకెలుంటాయి. ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుందని, ముందు అద్దం వెడల్పు 42 మిల్లీమీటర్లని అర్థం. పది పదిహేను వేల రూపాయల్లో మంచిదే దొరుకుతుంది. కిలోమీటరు దూరంలో సుమారు 130 మీటర్ల మేర ఒకేసారి కనబడుతుంది. నా దగ్గరున్న 600 మిల్లీమీటర్ల లెన్సులో అదే దూరాన 60 మీటర్లే కనబడుతుంది. ఎగిరే పిట్టను ఆయన ఇట్టే పట్టుకుంటారు. నేను ఆకాశం వెతుక్కుంటూ ఉంటాను.

కానీ ఆయన అసలు పనిముట్టు చెవి. పొద పక్కన నిలబడి కళ్ళు మూసుకుంటారు. చలికాలంలో మధ్య ఆసియా వైపు నుంచి వచ్చే మట్టిరంగు పొదపిట్టలు కొన్ని ఉన్నాయి. వాటికి రంగూ లేదు, గుర్తూ లేదు. పొదలోంచి బయటికి రావు, 'చెక్ చెక్' అని లోపలినుంచే అంటాయి. ఒకదానికీ ఇంకోదానికీ తేడా రూపంలో కంటే గొంతులోనే స్పష్టంగా ఉంటుంది. అటువంటి పిట్టకు ఎంత చక్కని ఫొటో తీసినా పేరు చెప్పడం నిపుణులకే కష్టం. గొంతు విన్నవాడు మాత్రం తడుముకోకుండా చెబుతాడు.

ఆయన పద్ధతిలో నాకు బాగా నచ్చింది పూర్తి జాబితా. పావుగంట ఒకచోట నిలబడితే కాకి నుంచి కొత్త అతిథి దాకా చూసినవన్నీ, విన్నవన్నీ, ఎన్నెన్నో లెక్కతో సహా రాస్తారు. "కాకిని కూడా రాయాలా అయ్యవారూ?" అని మొదట్లో అడిగాను. "మీ బ్యాంకులో పెద్ద డిపాజిట్లు మాత్రం రాసి, చిల్లర రాయకపోతే ట్రయల్ బ్యాలెన్సు కుదురుతుందా నాయనా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. పైగా రాయడం వల్ల లేనిది కూడా తెలుస్తుంది. నిరుడు పది పిచ్చుకలు రాసిన చోట ఈ ఏడు ఒక్కటీ రాయలేదంటే అది సమాచారమే. కెమెరాకు లేనిదాన్ని చూపించే శక్తి లేదు.

ఇటువంటి జాబితాల విలువ 2023లో వచ్చిన దేశ పక్షుల స్థితి నివేదికలో చూశాం. ముప్పై వేల మందికి పైగా మామూలు జనం రాసి పంపిన మూడు కోట్ల నమోదుల మీద 942 జాతుల పరిస్థితి లెక్క కట్టారు. అందులో 178 జాతులను ముందుగా కాపాడుకోవలసినవిగా తేల్చారు. ఇంత పెద్ద లెక్క ఒక ప్రభుత్వ శాఖ వల్లనో, పదిమంది శాస్త్రజ్ఞుల వల్లనో అయ్యేది కాదు. అయ్యవారి వంటివాళ్ళ పెన్సిళ్ళ వల్ల అయింది.

తీసేవారి పద్ధతి

ఇక నా పక్షం. తుపాకీ పోయి కెమెరా వచ్చిందని ముందు ఒప్పుకోవాలి. జెర్డన్ కాలంలో పిట్ట పేరు తేల్చాలంటే కాల్చి చేతిలోకి తీసుకోవడమే మార్గం. చేతిలోకి తీసుకోకుండానే ఈకల వరస, ముక్కు వంపు, గోరు పొడవు చూసే వీలు ఇచ్చింది ఫొటోయే. పొలాల్లో తిరిగే మట్టిరంగు పిట్టలు రెండు మూడు జాతులు ఒకేలా ఉంటాయి. అవి క్షణం నిలవవు. ఫొటో ఉంటే ఇంటికొచ్చి నిదానంగా వెనక వేలి గోరు కూడా కొలుచుకోవచ్చు. అయ్యవారి పుస్తకం డేబుక్కయితే నా ఫొటో వోచరు. వోచరు లేని ఎంట్రీని ఆడిటరు ఒప్పుకోడు కదా!

ఈ విద్య కష్టంతో పుట్టింది. ఇంగ్లండులో కియర్టన్ సోదరులని ఇద్దరుండేవారు. 1895లో వాళ్ళు వేసిన పక్షిగూళ్ళ పుస్తకానికి బొమ్మలన్నీ అసలు ఫొటోలే. పక్షులకు అనుమానం రాకుండా బోలు ఎద్దు బొమ్మ ఒకటి చేయించి, దాని కడుపులో కూర్చుని ఫొటోలు తీశారు. మన మద్రాసులో మైలాపూరు వాసి ఎం. కృష్ణన్ ఉండేవారు. 1912లో పుట్టి 1996లో పోయారు. నలుపు తెలుపు ఫిల్ముతో, తానే కూర్చుకున్న కెమెరాతో అడవుల్లో తిరిగారు. కలకత్తా 'స్టేట్స్‌మన్' పత్రికలో 1950 నుంచి చివరిదాకా ప్రకృతి గురించి రాశారు. చూసేవాడూ తీసేవాడూ ఒకే మనిషిలో ఉండవచ్చుననడానికి ఆయనే సాక్ష్యం.

ఫిల్ము రోజుల్లో ఒక రీలుకు 36 బొమ్మలు. ఒక్కో నొక్కుకు డబ్బు ఖర్చు కనుక, నొక్కేముందు ఆలోచించేవాళ్ళం. ఇప్పటి కెమెరాల్లో సెకనుకు ఇరవై బొమ్మలు తీసేవి ఉన్నాయి. రెండు సెకన్లలో పాత రీలు దాటిపోతుంది. పాటపిట్ట కుదురుగా ఉండదు కనుక, సెకనులో వెయ్యో వంతు వేగంతో తీస్తే గాని ఈకలు తేటగా రావు. అంత వేగానికి వెలుతురు కావాలి. మెత్తని వెలుతురు పొద్దున గంటన్నర, సాయంత్రం గంటన్నర మాత్రమే ఉంటుంది. అందుకే ఫొటో తీసేవాడు ఒకే చెట్టు కింద, ఒకే పిట్ట కోసం గంటలు కూర్చుంటాడు. చూసేవాడు ఆ సమయంలో నలభై జాతులు రాసుకుని కాఫీకి వెళ్ళిపోతాడు.

కూర్చోవడంలోనే నా లాభమూ ఉంది. ఒక మార్చి నెలంతా ఒకే పెద్ద నల్లంచిని చూశాను. పాడేముందు రెక్కలు జారవేయడం, ఎదురింటి మగపిట్ట పాడగానే మెడ పొడుగు చేయడం, ఆడపిట్ట వచ్చిందంటే తోక విసనకర్రలా విప్పడం నాకు కళ్ళతో కంటే లెన్సులోనే బాగా తెలిశాయి. అయ్యవారు ఆ పిట్టను వెయ్యిసార్లు రాసి ఉంటారు. నేను దాన్ని ఎరుగుదును.

లెక్క ఎక్కడ తప్పుతుంది

వాదన ఇక్కడిదాకా సరదాగానే సాగుతుంది. ఇప్పుడు చెప్పబోయేది సరదా కాదు.

కొన్నేళ్ళ కిందట తిరువళ్ళూరు దారిలో, నాకు తెలిసిన రైతు మామిడి తోపు పక్కన మందారం పొదలో పిగిలిపిట్ట గూడు కట్టింది. గిన్నెలాంటి గూడులో మూడు పిల్లలు. ఫోన్లో కబురు అందుకుని పట్నం నుంచి నలుగురు కెమెరాలతో వచ్చారు. గూటి మీద ఆకులు అడ్డుగా ఉన్నాయని కొమ్మల్ని దారంతో వెనక్కి కట్టారు, కొన్ని తుంచేశారు. మధ్యాహ్నం దాకా తీసుకుని వెళ్ళిపోయారు. ఆకు నీడ పోయింది, గుట్టు పోయింది. పైనుంచి కాకులకు గూడు కనబడుతోంది. మూడో రోజు నేను వెళ్ళేసరికి గూడు ఖాళీ. తల్లిపిట్ట పురుగు నోట కరుచుకుని ఇంకా చుట్టూ తిరుగుతోంది. ఆ ఫొటో తర్వాత నా కంటా పడింది. చాలా బాగుంది. నా బాధంతా అదే. బొమ్మ మంచిదైతే ఎవరూ వెనక కథ అడగరు.

చట్టం సంగతి కూడా చాలామందికి తెలియదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 'వేట' అన్న మాటకు ఇచ్చిన అర్థంలో పక్షుల గుడ్లను పాడు చేయడం, గూళ్ళను కదిలించడం కూడా ఉన్నాయి. అంటే దారంతో కొమ్మ కట్టినా వేటే. కియర్టన్ల కాలంలో గూళ్ళ దగ్గర తీయడానికి కారణముంది. ఆనాటి ప్లేట్లు నిదానం, లెన్సులు పొట్టివి, పిట్ట తప్పకుండా తిరిగి వచ్చే చోటు గూడు ఒక్కటే. ఈనాటి లెన్సులకు ఆ అవసరం తీరిపోయింది. మిగిలింది అలవాటు.

పాటపిట్టలకు ఇంకో ప్రమాదం వాటి పాటతోనే వచ్చింది. పక్షిపాట రికార్డుల్లో మొట్టమొదటిది 1889లో జర్మనీలో లుడ్విగ్ కోఖ్ అనే పిల్లవాడు మైనపు సిలిండరు మీద పట్టిన శ్యామా పక్షిది. అది మన దేశపు పక్షే, పెద్ద నల్లంచికి దగ్గర చుట్టం. ఆనాడది అద్భుతం. ఈనాడు ప్రతి ఫోనులో వందల పాటలున్నాయి. ఫొటో కోసం మగపిట్ట పాట వినిపిస్తే, ఆ తోటలోని మగపిట్ట శత్రువు వచ్చాడనుకుని కొమ్మ చివరికి దూకుతుంది. బొమ్మ దొరుకుతుంది. అది మాత్రం పిల్లలకు మేత తేవలసిన వేళ లేని శత్రువుతో పోట్లాడుతూ ఉంటుంది. ఒకరు వెళ్ళాక ఇంకొకరు వచ్చి మళ్ళీ వినిపిస్తే రోజంతా అదే పని. ఈ ఆశ చూసేవాళ్ళకు లేదని కాదు. జాబితాలో ఇంకో పేరు కోసం ఫోను మోగించేవాళ్ళు వాళ్ళలోనూ ఉన్నారు. కాకపోతే చూసేవాడికి దూరం నుంచి ఒక్క కూత చాలు. తీసేవాడికి దగ్గరితనం కావాలి. ప్రమాదం ఆ దగ్గరితనంలో ఉంది.

మరుసటి ఏడు అయ్యవారి పెరట్లోనే పిగిలిపిట్ట గూడు పెట్టింది. ఎవరో ఇద్దరు కెమెరాలతో గేటు దగ్గరికి వచ్చారు. "ఐదు నిమిషాలే సార్" అన్నారు. ఆయన కోప్పడలేదు. లోపలినుంచి కుర్చీ తెచ్చి పొదకూ గేటుకూ మధ్య వేసుకుని, పేపరు విప్పి కూర్చున్నారు. "అవి ఎగిరిపోయినాక రండి నాయనా, కాఫీ కూడా ఇస్తాను" అన్నారు. రెండు వారాల్లోపే మూడు పిల్లలూ ఎగిరిపోయాయి. నేను ఆ గూటిని ఒక్క ఫొటో కూడా తీయలేదు. పిల్లలు కంచె మీదికి వచ్చాక, తల్లి మేత పెడుతుండగా వీధిలోంచి తీశాను. అప్పటినుంచి నా నియమం ఒకటే. గూటిలో పిట్టను తీయను, పాట వినిపించి పిలవను.

చెవి తగ్గినప్పుడు

ఇప్పుడు అయ్యవారికి డెబ్బై ఆరు. వయసుతో చెవి తగ్గేటప్పుడు ముందుగా పోయేవి సన్నని, హెచ్చు శ్రుతి స్వరాలు. మనుషుల మాటలు బాగానే వినబడుతున్నా తేనెపిట్టల గొంతు ఆయనకు అందడం లేదు. ముప్పై ఏళ్ళు చెవినే నమ్ముకున్న మనిషికి అది చిన్న లోటు కాదు. ఆయన పైకి అనరు. కళ్ళు మూసుకుని నిలబడడం మాత్రం మానేశారు.

మొన్న ఫిబ్రవరిలో తీగ మీద మగ తేనెపిట్ట కూర్చుంది. ఎండలో నీలంగా మెరుస్తోంది. "పాడుతోందా నాయనా?" అని అడిగారు. "పాడుతోంది అయ్యవారూ" అన్నాను. తీసిన బొమ్మను కెమెరా వెనక తెర మీద పెద్దది చేసి చూపించాను. ముక్కు విప్పి ఉంది, గొంతు దగ్గర ఈకలు లేచి ఉన్నాయి, నాలుక కూడా కనబడుతోంది. చాలాసేపు చూశారు. తర్వాత పుస్తకం తీసి తేదీ, సమయం, పక్షి పేరు రాసి, పక్కన 'పాడగా చూచినది, విన్నది కాదు' అని రాసుకున్నారు. తెలియనిది తెలిసినట్టు రాయకూడదన్న ఆ నిజాయితీ మా బ్యాంకు పుస్తకాలకూ ఉంటే ఎంత బాగుండును అనిపించింది. ఆ రోజు మా వాదన సాగలేదు.

కొత్తగా మొదలుపెట్టేవారికి

నన్ను అడిగితే ముందు చూడడం నేర్చుకోండి, తర్వాత తీయండి. ఒక ఏడాది పాటు పుస్తకంతో తిరిగినవాడికి పిట్ట ఏ కొమ్మ మీదికి వస్తుందో, ఎప్పుడు బెదురుతుందో తెలుస్తుంది. ఆ తెలివి లక్షల ఖరీదు చేసే లెన్సులో దొరకదు. ఫోనులో గొంతు విని పేరు చెప్పే 'మెర్లిన్' వంటి సాధనాలు ఇప్పుడున్నాయి. వాటిని సహాయానికి వాడుకోండి, తీర్పు మాత్రం మీ కంటికీ చెవికీ వదలండి. పిల్లల్ని తీసుకెళితే కెమెరా కంటే ముందు బైనాక్యులరు వాళ్ళ మెడలో వేయండి. ఫొటో తీసినవాళ్ళు బొమ్మతోపాటు ఆ రోజు జాబితా కూడా రాసిపెట్టండి. వోచరూ, డేబుక్కూ రెండూ ఉంటేనే పద్దు నిలుస్తుంది.

ఒక అవకాశం కూడా చెబుతాను. తమిళనాడులో 2015 నుంచి ఏటా పొంగల్ రోజుల్లో పక్షుల లెక్కింపు జరుగుతోంది. మన సంక్రాంతి పండుగ రోజులే కదా. ఇంటి మేడ మీద పావుగంట నిలబడి కనిపించినవన్నీ రాసి పంపితే చాలు, ఎక్కడికీ వెళ్ళనక్కరలేదు. ముగ్గు వేసేవారు వేస్తుండగా, పొంగలి పొంగేలోగా ఈ పని అయిపోతుంది. ఇంట్లో అమ్మమ్మో తాతయ్యో ఉంటే వాళ్ళను కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. ఆ పిట్టను వాళ్ళ ఊళ్ళో ఏమనేవారో అడగండి. నల్లంచి, పిగిలిపిట్ట, వంగపండు అన్న పేర్లు జెర్డన్‌కు చెప్పింది అలాంటి పెద్దవాళ్ళే. మీ ఇంట్లో దొరికిన పేరును జాబితా పక్కన తెలుగులోనే రాయండి, మీ పిల్లల చేత రాయించండి.